క్లౌ దొరగారు – ధాత కరువు – ముప్పైమంది మేస్త్రీలు



ఏ ఊరి సంఘమునకు వెళ్లినా పెద్దలు చెప్పే మాట ఒకటే. మన యౌవనస్థులు కూడికకు వస్తారు, పాటలు పాడతారు, క్రిస్మసుకు నక్షత్రము కడతారు, అయితే ఊరిలో ఎవరికైనా కష్టము వస్తే ముందుకు రారు. యౌవనస్థుల నడిగితే వారు చెప్పేది వేరు. కుర్చీలు మోయడానికి తప్ప పెద్దలు మమ్మల్ని దేనికీ పిలవరు అంటారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చడానికి మేము పూనుకోలేదు. పడుచువారిని సేవలోకి దింపేది ఏమిటి అన్న ప్రశ్నకు మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోనే ఒక జవాబు ఉన్నది. అది జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితములో ఉన్నది. ఆయన పేరు తెలియని తెలుగు బాప్టిస్టు కుటుంబము ఉండదు. అయినా మన పిల్లలకు ఆయనను గూర్చి తెలిసినది ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మము జరిగిన సంగతి ఒక్కటే. ఆ రోజుకు ముందు పదిహేను నెలలు ఏమి జరిగినదో వారికి ఎవరూ చెప్పలేదు.

ఈ సంచిక చదివేవారిలో పావగడ తాలూకాలో స్థిరపడినవారు ఉన్నారు గనుక ముందుగా ఆ నేలను గూర్చి నాలుగు మాటలు. పటములో చూస్తే పావగడ తుమకూరు జిల్లాలోనిదే గాని, మిగతా జిల్లాకు ఎడముగా, దాదాపు చుట్టూ ఆంధ్ర ప్రాంతముతో ఉంటుంది. ఇటు మడకశిర, హిందూపురము, అటు కళ్యాణదుర్గము. కచేరీలో కన్నడము, ఇంట్లో తెలుగు. వాన తక్కువ, రాయి ఎక్కువ. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉండి పండ్లు గారకట్టిన మనుషులు, వంగిన కాళ్లవారు కనబడతారు. పంట పోయిన ఏట పనిచేయగలవారు బెంగుళూరు బస్సు ఎక్కితే, ఇంటి దగ్గర ముసలివారూ పిల్లలూ మిగులుతారు. 2018 నుండి తిరుమణి చుట్టుపక్కల అయిదు గ్రామాల భూముల మీద, సుమారు 13,000 ఎకరాలలో, 2,050 మెగావాట్ల సూర్యశక్తి కేంద్రము వెలసినది. ఒకప్పుడు వేరుశెనగ వేసిన పొలాలలో ఇప్పుడు అద్దాల పలకలు మెరుస్తున్నవి. కౌలు వచ్చిన రైతు ఉన్నాడు, భూమి లేని కూలికి పని పోయిన ఇల్లూ ఉన్నది.

క్లౌ దొరగారి సేవా క్షేత్రము ఇది కాదు. ఈ వైపు అనంతపురము, బళ్లారి ప్రాంతాలు లండన్ మిషను వారివి. అయితే ఆయన జీవితమును మలుపు తిప్పిన కరువు మాత్రము ఈ నేలదీ ఆ నేలదీ ఒక్కటే. ధాత నామ సంవత్సరములో మొదలై ఈశ్వరలోనూ సాగినది గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. 1876లోనూ 1877లోనూ వానలు తప్పినవి. 1871 జనాభా లెక్కలో 50 లక్షలకు పైబడిన మైసూరు రాజ్య ప్రజలు 1881 లెక్కకు సుమారు 42 లక్షలకు దిగిపోయారు. బెంగుళూరు నుండి మైసూరుకు వెళ్లే రైలు దారి మట్టి పని కరువు పనిగా మొదలైనదే. అదే కరువులో అటు తూర్పు తీరమున ఒంగోలు దగ్గర ఒక కాలువ తవ్వారు. మన కథ ఆ కాలువ గట్టు మీదిది.

దొరగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో ఒక పల్లెటూరి దగ్గర జన్మించారు. అదే 1836లో శామ్యూల్ డే దొరగారు మన తెలుగు దేశమునకు వచ్చి విశాఖపట్నములో అడుగు పెట్టారు. 1840లో నెల్లూరులో మిషను స్థాపించారు. ఆ మిషనును నిలబెట్టవలసిన బిడ్డ అప్పటికి తొట్టెలోనే ఉన్నాడు.

క్లౌ కుటుంబము కూడా వలస కుటుంబమే. న్యూయార్కు నుండి ఇల్లినాయికి, అక్కడ నుండి అయోవాకు, మంచి భూమి కోసము పశ్చిమముగా జరుగుతూ పోయారు. ఆ కుర్రవాడు పదిహేడు పద్దెనిమిదేండ్ల ఈడులోనే ప్రభుత్వ సర్వే బృందముతో మిన్నెసోటా అడవులకు వెళ్లాడు. చెట్లు నరకడముతో మొదలు పెట్టి గొలుసు పట్టడము, మట్టము చూడడము, లెక్క వేయడము నేర్చుకున్నాడు. మంచులో గుడారములో పడుకోవడము, మనుషుల చేత పని చేయించడము అలవాటయినది. లాయరు కావాలని ఆయన కోరిక. మిషనరీ కావాలని కాదు. పాఠకులు ఈ సర్వే సంగతి జ్ఞాపకము ఉంచుకోవాలి, ముందు పనికి వస్తుంది.

లాయరు చదువుకు పునాదిగా అయోవాలోని బర్లింగ్టనులో బాప్టిస్టుల పాఠశాలలో చేరాడు. గదిలో తోడుగా ఉన్న విద్యార్థి ప్రతి రాత్రి మోకరించి ప్రార్థించేవాడట. అది ఈయనకు నచ్చక గది మధ్య ఒక గీత గీసి, నీ భక్తి గీతకు ఆవలే ఉంచుకో అని హద్దు పెట్టాడట. తోటివాడు వాదించలేదు, గీత దాటలేదు, ప్రార్థన మానలేదు. కొంత కాలమునకు హద్దు గీసినవాడే కలత పడి ప్రభువును అంగీకరించి 1858లో బాప్తిస్మము పొందాడు. మన యౌవనస్థుల కూడికలలో ఉపదేశములు చాలా జరుగుతున్నవి. ఆ గదిలో ఉపదేశము జరగలేదు, ఒక తోటివాడు తన పని తాను చేసుకున్నాడు. మా దృష్టికి ఇది చిన్న విషయము కాదు. పడుచువాడు పెద్దల మాట విని కదలడము అరుదు, పక్కవాడిని చూసి కదలడమే తరచు.

అప్పటికి తెలుగు మిషను మూతబడే స్థితిలో ఉన్నది. పాతికేండ్లు పనిచేసినా విశ్వాసులు కొద్దిమందే. అమెరికాలోని మిషను సంఘము వారు దీనిని మూసివేద్దామా అని ఒకటికి మూడుసార్లు ఆలోచించారు. 1862లో ఆ మాట మళ్లీ వచ్చినప్పుడు జబ్బుతో స్వదేశము వెళ్లి ఉన్న జూయెట్ దొరగారు, మీరు పంపకపోయినా నేను ఒంటరిగా తిరిగి వెళ్లి అక్కడే చనిపోతానని పట్టుబట్టారు. అయితే మీకు సమాధి కట్టడానికైనా ఒకరిని తోడు పంపాలి గదా అని కార్యదర్శిగారు అన్నారని మన పెద్దలు నవ్వుతూ చెప్పుకునేవారు. అలా తోడుగా దొరికినవారే క్లౌ దొరగారు. ఆయన భార్య హారియట్ దొరసానిగారితోనూ జూయెట్ కుటుంబముతోనూ కలిసి 1864 నవంబరు 30న బోస్టను రేవులో ఓడ ఎక్కి 1865 ఏప్రిలులో మద్రాసు చేరారు. ఆ నెలల తరబడి ప్రయాణములో జూయెట్ దొరగారి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు.

1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఏర్పడినది. సభ్యులు ఎనిమిదిమంది.

ఇక్కడ యెర్రగుంట్ల పేరయ్యగారిని తలచుకోకపోతే కథ తప్పు అవుతుంది. మాదిగ కులస్థుడు, తోళ్ల బేరము చేసుకునేవాడు, యోగ మార్గములో గురువులను ఆశ్రయించి సత్యమును వెదికినవాడు. బేరము మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట సువార్త విన్నాడు. తిరిగి వచ్చి ఎవరూ చెప్పకుండానే తన వారికి చెప్పడము మొదలు పెట్టాడు. జీతము లేదు, బిరుదు లేదు, మిషను వారికి ఆయన ఉన్నట్టే తెలియదు. 1866లో ఆయన బాప్తిస్మము పొందాడు. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఒంగోలుకు పడమర సుమారు నలభై మైళ్ల దూరములోని పేరయ్యగారి ఊరికి వెళ్లగా, చుట్టుపక్కల పల్లెల వారు మూటాముల్లెలతో వచ్చి చెట్ల క్రింద దిగి కాచుకొని ఉన్నారు. కొద్ది రోజులలో 28 మంది బాప్తిస్మము పొందారు. దొరగారు చేసిన పని కోత, విత్తనము పేరయ్యగారిది.

ఆ తరువాత వచ్చిన చిక్కు చాలామందికి తెలుసు. ఒంగోలు బ్రాహ్మణ కుటుంబాల వారు తమ పిల్లల కోసము బడి పెట్టమని అడిగితే దొరగారు సంతోషముతో పెట్టారు. మాదిగ విశ్వాసులు మిషను కాంపౌండుకు రావడము మొదలు కాగానే ఆ పెద్దలు వచ్చి, వారిని చేర్చుకుంటే మా పిల్లలు రారు అని చెప్పారు. ఏమి చేయాలో తోచక దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో ప్రార్థించి కొత్తగా వచ్చిన గ్రంథములు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో ఒకే చోటు తెరుచుకున్నది. జ్ఞానులను గాక బలహీనులను దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు వ్రాసిన చోటది. మరునాడు పెద్ద ఇండ్ల పిల్లలు బడి మానివేశారు. మాదిగ పల్లెల పిల్లలు ఉండిపోయారు. వారిలో నుండే మరుసటి తరము బోధకులు వచ్చారు.

వారికి ఊళ్లలో ఎదురైనది కూడా చెప్పాలి. దొరగారు పెట్టిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు. వినడానికి సులువే. అయితే జాతరలో డప్పు కొట్టకపోతే ఊరంతటికీ కోపము. కొట్టారు, పని నుండి తీసివేశారు, నీళ్లు పట్టుకోనివ్వలేదు. ఆ దినాలలో బోధకుడిగా ఊళ్లు తిరగడానికి పూనుకున్న పడుచువాడు ఏ సుఖము ఆశించి వెళ్లి ఉంటాడు? మిషను ఇచ్చేది కొద్దిపాటి, మిగిలినది పల్లెల వారు పెట్టిన గంజి. సంఘాలు తమ బోధకుని తామే పోషించుకోవాలని దొరగారి పట్టు. మూడు నెలలకు ఒకసారి అందరూ ఒంగోలు వచ్చి, జరిగినది చెప్పుకొని, నాలుగు పాఠాలు నేర్చుకొని, మళ్లీ బయలుదేరేవారు. ఆ మూడు నెలల కూడికే వారిని నిలబెట్టినదని మా అభిప్రాయము. ఒంటరిగా దెబ్బలు తిన్నవాడు అక్కడ తనవంటి పదిమందిని చూసేవాడు. 1872లో రామాయపట్నములో వేదాంత పాఠశాల మొదలైన తరువాత చదువు మరింత గట్టిపడినది.

ఇక కరువు. 1876 చివరికి ఒంగోలు ప్రాంతములో గింజ లేదు. ప్రభుత్వము వారు కరువు పనులు తెరిచారు. వాటిలో ముఖ్యమైనది తీరము వెంబడి తవ్వుతున్న కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు పేర దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు వచ్చినది. పని ఉన్నది గాని మన వారికి ఆ పనిలో దిక్కు లేదు. మేస్త్రీలు పై కులాలవారు కావడముతో కొలతలో మోసము, కూలిలో కోత, తిట్లు, గెంటివేతలు. ఆకలితో చావడము కంటె అది మేలా అన్నట్టు ఉండేది. ఫిర్యాదులు దొరగారి దగ్గరకు వచ్చినవి.

ఆయన జాలిపడి ఊరుకోలేదు. కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగము తవ్వే కంట్రాక్టు తానే తీసుకున్నారు! మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టిన కుర్రవాడి చదువు ఇరవై ఏండ్ల తరువాత ఒంగోలు ఇసుకలో పనికి వచ్చినది. రాజుపాలెము దగ్గర తాటాకు పాకలతో శిబిరము వేశారు. ఒక్కో సమయములో మూడు వేలమంది దాకా పనిలో ఉండేవారు. కొందరు కొన్ని వారాలు పని చేసి, నాలుగు డబ్బులు చేత పట్టుకొని ఊరికి వెళ్లగా, వారి చోట మరికొందరు వచ్చేవారు. లాభము దొరగారు తీసుకోలేదు.

ఇంతమంది చేత పని చేయించడానికి మేస్త్రీలు ఎవరు? తన బోధకులనే పెట్టారు, సుమారు ముప్పైమందిని. మట్టి కొలిచే తాడు, కూలీల పట్టీ వారి చేతికి ఇచ్చారు. లెక్క వేస్తే ఒక్కొక్కరి వంతుకు నూరుమంది మనుషులు.

మేము ఈ వ్యాసము వ్రాయడానికి కారణము ఈ ముప్పైమందే. నిన్నటి దాకా ఊరి చావడి ముందు చెప్పులు విడిచి నిలబడవలసిన కులము వారు. కొలతాడు పట్టుకొనే హక్కు వారి తాతలలో ఎవరికీ లేదు. ఆ తాడు చేతికి వచ్చినప్పుడు, దానితో మోసము చేయకుండా, నూరుమంది కూలి సరిగా అందేటట్టు చూడవలసిన బాధ్యత వారి మీద పడినది. కూలికి వచ్చినవారు ఎవరో కాదు, వారి పెదనాన్నలు, మేనత్తలు, పక్క పల్లెల వారు. కడుపులు అంటుకుపోయి, బిడ్డలను చంకన వేసుకొని వచ్చినవారు. శిబిరాలలో కలరా కూడా తిరిగే కాలము అది. బోధకులు పారిపోలేదు. మట్టి తవ్వి అలసి జనము కూర్చున్నప్పుడు వారి నడుమ కూర్చొని, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు తన యొద్దకు పిలిచిన సంగతి చెప్పేవారు. ఆ కాలువ గట్టు మీద ఆ మాటకు వేరే వివరణ అక్కరలేకపోయినది.

వారిని కదిలించినది ఏమిటి? భక్తి అని ఒక్క మాటలో చెప్పి ముగించవచ్చు, అది అబద్ధమూ కాదు. అయితే అదే భక్తి గలవారు ఎందరో ఆ కరువులో ఏమి చేయాలో తోచక కూర్చున్నారు. ఈ ముప్పైమందికి ఒక కొలత గల పని దొరికినది, ఈ తాడు, ఈ నూరుమంది, ఈ వారము కూలి అని. సాయంత్రానికి చేసినది కంటికి కనబడేది, తవ్విన గొయ్యి లోతు, తిన్నవారి సంఖ్య. పైగా తమను నమ్మినవారు ఒకరు ఉన్నారు. దొరగారు ఇంజనీర్లనో పట్నము గుమస్తాలనో తెచ్చుకోవచ్చు, తేలేదు. మన సంఘాలలో యౌవనస్థులకు లెక్కల పుస్తకము ఎన్నడైనా అప్పగించామా అని పెద్దలు ఒకరినొకరు అడగవచ్చు. పెట్టె తాళము పెద్దల దగ్గర, కుర్చీలు పిల్లల దగ్గర ఉన్నంత కాలము ఫిర్యాదు రెండు వైపులా సాగుతూనే ఉంటుంది.

ఇంతలో మరొక చిక్కు. కాలువ మీద తిండి దొరికిన వేలమంది బాప్తిస్మము అడగసాగారు. తిండి కోసము వస్తున్నారని లోకము అంటుందని దొరగారికి తెలుసు. ఆయన చేసిన పని చాలా కఠినమైనది. కరువు సాయము నడిచినంత కాలము, దాదాపు పదిహేను నెలలు, ఒక్కరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. కాలువ పని ముగిసిన తరువాత కూడా లండను మొదలైన చోట్ల నుండి వచ్చిన విరాళములు పంచవలసి ఉండినది గనుక ఆగుతూనే వచ్చారు. సువార్త బోధించి పెంచుకున్న సంఘపు తలుపు తన చేతనే మూసి ఉంచడము ఏ మిషనరీకి సులువు? బోధకులకు అది మరింత కష్టము, ఎందుకంటే రోజూ జనము అడిగేది వారినే.

1878 జూన్ నాటికి సాయము ఆగిపోయినది. అప్పుడు దొరగారు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనమును కలిశారు. ఇక డబ్బు లేదు, ఇంటికి వెళ్లండి అని చెప్పారు. వారు వెళ్లలేదు. తమ అరచేతుల బొబ్బలు చూపి, తాము పని చేసే బ్రతికామనీ ఇక ముందూ అలాగే బ్రతుకుతామనీ, వచ్చే పంట పోయి చచ్చిపోయినా క్రైస్తవులుగానే చస్తామనీ చెప్పారు. దొరగారికి ఇక ఆపడానికి కారణము లేకపోయినది. బోధకులు తమ తమ పల్లెల వారిని పక్కకు తీసుకువెళ్లి ఒక్కొక్కరిని ప్రశ్నించారు. కాలువ మీద ఎవరు ఎలా నడుచుకున్నారో మేస్త్రీగా చూసినవారు వారే గదా. గుమస్తాలు పేర్లు వ్రాసుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. నీటిలోకి దిగినది దొరగారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిస్తూ ఇచ్చారు. ఆయన ఒడ్డున ఉండి క్రమము చూసుకున్నారు. మన ఆదివార బడి బొమ్మలలో మాత్రము దొరగారే నదిలో నిలబడి ఉంటారు. ఎవరైనా చిత్రకారులు ఈ బొమ్మ సరిదిద్దితే బాగుండును. ఆ సంవత్సరాంతమునకు ఆ లెక్క తొమ్మిది వేలు దాటినది.

అమెరికాలో కొందరు పెద్దలు ఈ వార్త విని సంతోషించే ముందు సందేహించారు. ఆ సందేహము పూర్తిగా అన్యాయమని మేము అనము. వచ్చినవారిలో కొందరు జారిపోయి ఉంటారు. ఆకలి, అవమానము, కులపు బరువు, ప్రభువు మీద ప్రేమ, ఇవి ఒక మనిషిలో విడివిడి గదులలో ఉండవు. నేడు మన పడుచువాడు రక్తదానమునకు వస్తే సర్టిఫికెట్టు కోసము వచ్చాడంటాము, పల్లెకు సేవకు వస్తే స్నేహితుల కోసము వచ్చాడంటాము. రానివ్వండి. దొరగారు వేచి చూశారు గాని గెంటివేయలేదు. కాలము గడిచినకొద్దీ కారణములు తేటపడతాయి. గడువు ఇవ్వకుండా వేరు చేయాలని చూస్తే గోధుమ కూడా పోతుంది.

1880 తరువాతి కథ త్వరగా చెప్పుకుందాము. ఒంగోలు సంఘము ఇరవై వేలకు పైబడి, ప్రపంచములోనే పెద్ద బాప్టిస్టు సంఘమని పేరు పొందినది. తరువాత దానిని విడదీసి అనేక సంఘములుగా చేశారు. బడులు పెరిగినవి. దొరగారు అమెరికా వెళ్లి ధనమూ కొత్త మిషనరీలనూ కూడబెట్టుకొని వచ్చారు. 1893లో హారియట్ దొరసానిగారు మరణించారు. మరుసటి ఏట ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. మన వారు ఈ అమ్మగారికి ఎంతో ఋణపడి ఉన్నారు. ఆమె పేరయ్యగారి వంటి ముసలి బోధకులను కూర్చోబెట్టుకొని వారి గురువుల సంగతులు, పల్లెల కథలు అడిగి తెలుసుకొని 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకము అచ్చు వేయించారు. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథలు అన్న భావముతో దానికి పేరు పెట్టారు. దొరగారి ఆత్మకథ కూడా ఆమె చేతి మీదుగానే, ఆయన మరణము తరువాత, 1914లో వెలువడినది.

దొరగారు జీవించి ఉండగానే మరొక మేలు జరిగినది. అది మన వంటి వలసవారికి మరీ దగ్గరిది. 1860 నుండి తెలుగు కూలీలు ఒప్పందము మీద దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఓడలెక్కి వెళ్లి చెరకు తోటలలో, తేయాకు తోటలలో పని చేస్తూ ఉన్నారు. వారిలో బాప్టిస్టులు ఉన్నారు, కాపరి లేడు. తెలుగు బాప్టిస్టులు తమ హోము మిషను సంఘము ద్వారా, తమ కానుకలతో, 1903లో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యగారిని కుటుంబముతో సహా అక్కడికి పంపారు. ఆ సంవత్సరము ముగియక ముందే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు సంఘము ఏర్పడినది. ఆయన 1915లో కన్నుమూసే వరకు అక్కడే పాటుపడ్డారు. దొరలు మన కోసము ఓడ ఎక్కిన నలభై ఏండ్లకు మనవారు మనవారి కోసము ఓడ ఎక్కారు. కరువు కాలములో కొలతాడు అప్పగించిన తరమునకు ఇది రెండవ తరము.

వృద్ధాప్యములో దొరగారికి కాలు విరిగి నడక పోయినది. గుర్రము మీద, ఎడ్ల బండి మీద వందల మైళ్లు తిరిగిన మనిషి కుర్చీలో ఉండిపోయారు. చివరికి అమెరికా చేరి 1910 నవంబరు 24న రోచెస్టరు పట్టణములో మరణించారు. ఒంగోలులో ఆయన పేరు మీద ఆసుపత్రి నిలిచినది.

పావగడ వారికి ఒక మాట. ఆ తాలూకాలో శ్రీ రామకృష్ణ సేవాశ్రమము వారు కుష్ఠు రోగులకు, క్షయ రోగులకు, కండ్లు కనబడని ముసలివారికి చేస్తున్న సేవ అందరికీ తెలిసినదే. అటువంటి పని చూడడానికి మన యౌవనస్థులను ఒక రోజు తీసుకువెళ్లడములో తప్పేమీ లేదు. మన సంఘములు పెట్టుకోగల పని చిన్నదైనా కొలత గలదై ఉండాలి. కన్నడము చదవలేని తెలుగు ముసలివారికి పింఛను కాగితములు నింపి తాలూకా కచేరీకి వెంట వెళ్లడము, బెంగుళూరు పెద్ద ఆసుపత్రికి వెళ్లే రోగికి తోడు కూర్చోవడము, వీధి కుళాయికి ఏ రోజు నీళ్లు వచ్చినవో, రాలేదో నోటు పుస్తకములో వ్రాసి పెట్టడము. ఒక్కొక్కరికి ఒక వీధి, ఒక పుస్తకము ఇచ్చి చూడండి. మూడు నెలలకు ఒకసారి వారిని కూర్చోబెట్టి, వారు చెప్పేది వినండి. మధ్యలో లేచి ప్రసంగము చేయవద్దు.

ఆ ముప్పైమందిలో పుస్తకాలకు ఎక్కిన పేర్లు కొన్నే. గుండ్లకమ్మలో దిగిన ఆరుగురి సంగతి కొంత తెలుసు. కాలువ గట్టున కూలి పట్టీ వ్రాసిన మిగతావారి మనుమలు, మునిమనుమలు మన సంఘములలోనే ఉండి ఉంటారు. మీ ఇంట్లో పాత సంఘపు పుస్తకము గాని, తాతగారి బైబిలు లోపలి అట్ట మీద వ్రాసుకున్న పేర్లు గాని, రాజుపాలెము శిబిరమును గూర్చి అవ్వలు చెప్పిన మాట గాని ఉన్నట్లయితే, మీ పిల్లల చేత వ్రాయించి మాకు పంపండి. రాబోయే సంచికలలో చోటు ఉంచుతాము.